ఇసుకలో రెండు మాటలు

పరదేశయ్య గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని పురమాయించేవారు. నాగావళి ఒడ్డున ఆయన ఆశ్రమంలో వ్యాకరణం చదువుకుంటున్న నరహరికి ఆ సంగతి తెలుసు. అయినా ఉండబట్టలేక ఆరోజు అడిగేశాడు.

మేకలు కాసుకునే ఎర్నమ్మ తన కూతురు పైడిని తెచ్చి ఆశ్రమంలో అప్పగించింది. పిల్లకు పుట్టుచెవుడు. నాలుగక్షరాలు వస్తే తన తర్వాతైనా పదిమందిలో బతుకుతుందని తల్లి ఆశ. నరహరి నెల్లాళ్లుగా గొంతు చించుకుంటున్నాడు. పిల్ల చేతిని తన గొంతుకు ఆనించి మరీ అక్షరాలు పలికాడు. అతను నోరు తెరిచినట్టే తనూ తెరిచేది, అంతే.

"అక్షరం శబ్దానికి గుర్తు కదా గురువుగారూ. శబ్దమే ఎరగని పిల్ల ఎలా చదువుతుంది?"

"రేపటి నుంచి నువ్వు నేర్పకు. ఆ పిల్ల దగ్గర నేర్చుకో," అన్నారాయన.

చిన్నబుచ్చుకుంటూనే నరహరి పైడి ముందు కూర్చున్నాడు. గడ్డం కింద వేళ్లు ఆడిస్తే మేక. తాడు చేదినట్టు గుప్పిళ్లు లాగితే నుయ్యి. పిల్ల చేతుల్లో ఇంత భాష ఉందా అని నివ్వెరపోయాడు. ఆమె సైగ చేసినప్పుడల్లా ఆ మాటను ఇసుకలో రాసి, తనూ అదే సైగ చేసి చూపించాడు. మొదట్లో ఆమె వాటిని ముగ్గుల్లా దిద్దేది. ఒకనాడు 'మేక' అని తనంతట తనే రాసి, దొడ్లో మేక వైపు వేలు చూపించింది. ఇక అతన్ని నిలవనిస్తే ఒట్టు. పంచె పట్టుకు లాగి, ఉప్పుకు, వానకు, అమ్మకు మాట రాసిమ్మని ప్రాణం తీసేది.

ఒక ఉదయం శిష్యులందరూ గొంతెత్తి వల్లె వేస్తున్నారు. పైడి పరుగున వచ్చింది. కళ్లు మూసుకున్న నరహరి భుజం కుదిపి, అతని ఎదుట ఇసుకలో గబగబా రాసింది: మేక నుయ్యి.

నరహరి ఒక్క ఉదుటున లేచి చేంతాడు అందుకున్నాడు. ఎర్నమ్మ సూడిమేక నూతి నీళ్లలో కొట్టుకుంటోంది. నడుముకు తాడు బిగించుకుని దిగి మేకను పట్టుకున్నాడు, తోటివాళ్లు పైకి లాగారు. ప్రాణం దక్కిన మేకను పైడి వాటేసుకుంది. కబురు తెలిసి వచ్చిన ఎర్నమ్మ ఇసుకలోని గీతల ముందు చతికిలబడి, "ఇది మా పైడి రాసిందేటి బాబూ?" అని మళ్లీ మళ్లీ అడిగింది.

తడిబట్టలతోనే నరహరి గురువు దగ్గరికి వెళ్లాడు. సంతోషంతో మాట తడబడుతోంది. వినకుండానే ఆ పిల్లకు మాట ఎలా అందిందని అడగబోయాడు.

పరదేశయ్య గారు తుండుగుడ్డ అందించారు.

"ఇందాక నువ్వు లేచి ఉరికావే, ఏ శబ్దం విని?"