అంటు గులాబి కింద చిగుళ్లు

ఆ పొద్దున మస్తాన్ మాత్రల సంచీ పట్టుకుని దర్గాకి వచ్చాడు. మౌలాలి బాబా శిష్యుల్లో అతనే చిన్నవాడు.

తొమ్మిదేళ్ల కిందట వాళ్లక్క జైబున్నీసా తన కిడ్నీ ఒకటి తమ్ముడికిచ్చింది. అది పరాయిదని ఒళ్లు దాని మీదికి ఎగబడకుండా, ఆ దాడిని అణిచే మాత్రలు ఆనాటి నుంచీ రెండుపూటలా మింగుతున్నాడు. ఇప్పుడు రక్తం తగ్గిపోయింది. తెల్లకణాలూ పడిపోయాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, జలుబు చేస్తే నెలదాకా వదలదు. ఇన్నేళ్ల మాత్రల వల్లే కావచ్చు, మార్చి చూద్దాం, రమ్మన్నాడు డాక్టరు. భయపడి మస్తాన్ వెళ్లలేదు.

అక్క కిడ్నీని కాపాడే మందే తన నెత్తురు తాగుతోందనీ, ఇవాళ్టితో మానేస్తాననీ, దువా చదివిన నీళ్లిస్తే చాలనీ బాబాతో చెప్పుకున్నాడు.

బాబా లేచి దర్గా వెనక పూలతోటలోకి నడిచాడు. మస్తాన్ వెంట వెళ్లాడు. అతను తన చేత్తో అంటుకట్టిన మొక్క దగ్గర బాబా గొంతుక్కూర్చున్నాడు.

అడవి గులాబి మొదలు మీద కట్టిన ఎర్రగులాబి అది. కట్టు కింద మొదలు తన సొంత చిగుళ్లు వేస్తూనే ఉంటుంది. వాటిని పెరగనిస్తే పైనున్న గులాబి ఎండిపోతుంది. గిల్లడం మస్తాన్ పని. ఆ మొక్కంటే ఎంత ప్రేమంటే, నిద్రలో దుప్పటి కూడా గిల్లుతాడని తోటివాళ్లు ఏడిపించేవాళ్లు. మొక్క మాత్రం మంచులో తడిసి, వెలిసిపోయిన గుడ్డలా ఉంది.

బాబా అతని చెయ్యి పట్టుకుని గోళ్లు చూశాడు. చిగుళ్ల పసరుతో పచ్చగా ఉన్నాయి.

"బెరడు కూడా లాగేసినట్టున్నావే. ఇవాళ్టి నుంచి గిల్లడం మానెయ్ బేటా."

"మానేస్తే గులాబి చచ్చిపోతుంది బాబా."

"గిల్లితే మొక్క పాలిపోతోంది కదా."

"అయితే తగ్గించి గిల్లాలి. రోజూ చూసుకుంటూ, ఎంత కావాలో అంతే. మానెయ్యకూడదు..."

అంటూ అంటూ ఆగిపోయాడు. తన మాత్రల సంచీ వైపు చూశాడు.

బాబా చెంబు కడిగి, నీళ్లు నింపి తెచ్చి అతని ముందు పెట్టాడు. దువా ఏమీ చదవలేదు. మస్తాన్ సంచీ విప్పి పొద్దుటి మాత్ర మింగాడు.

"టౌనుకి బస్సు తొమ్మిదింటికి," అన్నాడు బాబా. "ఇప్పుడు నాతో అన్న మాటే డాక్టర్ని అడుగు."