పేరయ్యకు ఒప్పజెప్పిన లంక

విశ్వంభర పంతులుగారు ఎవరు ఏమడిగినా వెంటనే బదులు చెప్పేవారు కాదు. ప్రశ్న విని, తాను ఎరిగిన మనుషుల్లో ఒకరి సంగతి ఎత్తుకునేవారు. అది జవాబో కాదో తేల్చుకోవడం అడిగినవాడి పని.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి, ఢిల్లీలో రాజ్యాంగం రాస్తున్న రోజులవి. ఆయన దగ్గర పాశ్చాత్య దర్శనాలు చదువుకుంటున్న కోదండపాణి ఒక ఉదయం పుస్తకం మూసేసి అడిగాడు.

"గురువుగారూ, ప్రభుత్వమంటే జనం తమలో తాము చేసుకున్న ఒప్పందమని ఈ పాశ్చాత్యులంతా అంటున్నారు. అక్కడిదాకా తగువు లేదు. ఒకాయనేమో, చావుభయంతో జనం తమ హక్కులన్నీ ఒకడి చేతిలో పెట్టేశారు, ఇక వెనక్కి పుచ్చుకోవడానికి వీల్లేదంటాడు. ఇంకొకాయన, ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి మనిషికి పుట్టుకతో వచ్చినవి, వాటిని కాపాడమనే అధికారం ఇచ్చారు, కాపాడకపోతే తీసేసుకోవచ్చంటాడు. తర్కంలో ఇద్దరూ తీసిపోరు. ఎవరి మాట నిజం?"

పంతులుగారు ఉత్తరీయం సర్దుకున్నారు. "మా మేనమామగారి ఊరికి ఎదురుగా, గోదావరి పాయల నడుమ ఒక లంక ఉండేది. అక్కడి పేరయ్య సంగతి చెబుతాను, విను" అని మొదలుపెట్టారు.

పేరయ్య పడవలవాడు. వయసులో ఉండగా ఒక వరదలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. ఆ పిల్లవాడి చెయ్యి అందినట్టే అంది జారిపోయింది. అప్పటినుంచి ఏటికి ఎర్రనీరు దిగిందంటే పేరయ్యకు అన్నం సయించేది కాదు.

ఒక ఏడాది శ్రావణంలో లంకవాళ్లు కనీవినీ ఎరగని వరద వచ్చింది. ఎవరి పడవ వాళ్లది, ఎవరి తోవ వాళ్లది. ఒకడు ధాన్యం ఎక్కిస్తానంటాడు, ఇంకొకడు గొడ్లను వదిలి రానంటాడు. రేవులో పడవలు ఒకదాన్నొకటి కుమ్ముకుంటున్నాయి. అప్పుడు రామకోవెల అరుగు మీద జనమంతా చేరి ఒక్క మాట మీదికి వచ్చారు. పడవలన్నీ పేరయ్యకు ఒప్పజెప్పాలి. ఎవరు ముందు, ఎవరు వెనక, ఏది వెంట తీసుకుపోవాలి, ఏది వదలాలి, అంతా ఆయన చెప్పినట్టే. కోవెల గంట మోగితే ఎక్కడివాళ్లు అక్కడినుంచి పరుగెత్తుకు రావాలి. అందరిలోకీ పెద్దది అచ్చియ్యమ్మ మొట్టమొదట చెయ్యెత్తింది. "నా పాక వదలనని నేను మొరాయిస్తే, రెక్క పట్టి పడవలో పడెయ్యి పేరయ్యా" అని కూడా అంది.

మొరాయించనూ మొరాయించింది. పేరయ్య ఆవిణ్ణి భుజాన వేసుకుని పడవెక్కించాడు. లంకంతా మునిగింది గానీ ఒక్క మనిషీ పోలేదు.

వరద తీసింది. జనం తిరిగివచ్చి పాకలు నిలబెట్టుకున్నారు. పేరయ్య కనబడితే పిల్లల్ని కాళ్లకు మొక్కించేవారు. పడవలు ఇమ్మని ఎవరూ అడగలేదు. ఆయనా ఇవ్వలేదు. "మళ్లీ వస్తేనో?" అనేవాడు. పడవలన్నిటినీ ఒకే రేవున చేర్చి, గొలుసు వేయించి, తాళంచెవి మొలతాటికి కట్టుకున్నాడు. సంతకు పోవాలన్నా, అవతలి గట్టున చుట్టాన్ని చూసి రావాలన్నా పేరయ్యను అడగాల్సిందే. పల్లంలో పాకలు వేయకూడదన్నాడు. వేసినవాటిని పీకించాడు. కాస్త గాలి తిరిగితే చాలు, గంట కొట్టించి అందర్నీ మెరక మీద కూర్చోబెట్టేవాడు.

దీన్ని దౌర్జన్యమని ఆయన అనుకోలేదు. లంకలో ప్రతి ప్రాణాన్నీ తమ్ముడి ప్రాణంలాగే చూసుకున్నాడు. అందుకే ఎవరైనా ఎదురాడితే ఆయనకు కోపం కాదు, దుఃఖం వచ్చేది. ఇంత చేస్తున్నా వీళ్లకు తెలియడం లేదే అని.

మరుసటి ఏడు భాద్రపదంలో అచ్చియ్యమ్మ మనవరాలు రత్తాలుకి నొప్పులొచ్చాయి. తెల్లవారి మొదలైనవి మధ్యాహ్నమైనా తెమలలేదు. బిడ్డ అడ్డం తిరిగిందనీ, ఇక తన చేతిలో లేదనీ, గట్టుమీది డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపొమ్మనీ మంత్రసాని చెప్పేసింది. రత్తాలు మొగుడు నూకరాజు పేరయ్య దగ్గరికి పరుగెత్తాడు. ఏరు ఆ వేళ కాస్త పోటు మీద ఉంది.

"మావా, తాళం తియ్యి. నేనూ మా అన్నదమ్ములూ గెడేసుకుని ఎల్లిపోతాం."

పేరయ్య నది వైపు చూశాడు. సుడులు కనిపించాయి. "సాయంత్రానికి తగ్గుతుంది, అప్పుడు వెళ్దురుగాని."

"అప్పటిదాకా ఆగేట్టు లేదు మావా! పడవ నాది. పేణం నాది. మునిగితే నేను మునుగుతాను."

"నీ పడవా, నీ ప్రాణమూ ఆ రోజే నాకు ఒప్పజెప్పారు. ఒక్కదాని కోసం నలుగుర్ని గంగపాలు చెయ్యమంటావా?" అన్నాడు పేరయ్య. నూకరాజు కాళ్ల మీద పడ్డాడు. పేరయ్య కళ్లలోనూ నీళ్లు తిరిగాయి గానీ, చెయ్యి మాత్రం మొలతాటి మీదికి పోలేదు.

సాయంత్రానికి ఏరు తగ్గింది. పేరయ్యే స్వయంగా గొలుసు విప్పి, తన చేతులతో రత్తాలుని పడవలో పడుకోబెట్టాడు. తల్లి బతికింది. బిడ్డ మాత్రం లోకం చూడకుండానే పోయాడు.

ఎవరూ పేరయ్యను పల్లెత్తు మాట అనలేదు. కొన్నాళ్లకు ఎగువన వానలు పడి మళ్లీ నీళ్లు కాస్త పెరిగాయి. పేరయ్య కోవెలకు వెళ్లి గంట కొట్టాడు. ఎవరూ రాలేదు. గాలికి వినబడలేదేమో అనుకుని ఇంకా గట్టిగా కొట్టాడు. రెట్టలు నొప్పెట్టేదాకా కొట్టాడు. ఎదురుగా అరుగుల మీద మనుషులు కనబడుతూనే ఉన్నారు. వాళ్ల మొహాల్లో కోపం లేదు. ఒకడు వల బాగుచేసుకుంటున్నాడు. ఒకావిడ పిల్లకు జడ వేస్తోంది. ఇన్నాళ్లూ ఆ గంటలో ఉందనుకున్న శక్తి అందులో లేదని పేరయ్యకు అప్పుడు తెలిసింది.

తిన్నగా అచ్చియ్యమ్మ గుమ్మంలోకి వెళ్లాడు. ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటోంది.

"అత్తా, మీరందరూ నాకే కదా ఒప్పజెప్పారు? మొదట చెయ్యెత్తింది నువ్వే కదా?"

అచ్చియ్యమ్మ చేట కింద పెట్టింది. "ఏరు దాటించమని చెయ్యి అందించాను పేరయ్యా. నరికి నీ చేతిలో పెట్టలేదు."

పేరయ్య గుమ్మంలోనే కూర్చున్నాడు. "వదిలితే పోతారని భయం అత్తా" అన్నాడు.

"గట్టిగానే పట్టుకున్నావుగా నాయనా" అంది ఆవిడ నెమ్మదిగా. "పోయాడుగా మా మునిమనవడు."

పేరయ్య రేవుకు వెళ్లి గొలుసు తీసేశాడు. ఎవరి పడవ వాళ్లు విప్పుకుపోయారు. నూకరాజు కూడా వచ్చి, ఆయన మొహం చూడకుండా తన పడవ తీసుకుపోయాడు.

మరుసటి వరదకు మాత్రం లంక చెల్లాచెదురు కాలేదు. అంతకుముందే పేరయ్య ఇల్లిల్లూ తిరిగాడు. వరదొస్తే పడవలు ఎవరి చేతిలో ఉండాలి, ఎన్నాళ్లు ఉండాలి, ఆ మనిషి మాట ఏ విషయంలో చెల్లకూడదు, అని ఒక్కొక్కరినీ అడిగాడు. నూకరాజు మొదటిసారి మాట్లాడలేదు. మళ్లీ వెళ్లినా మాట్లాడలేదు. మూడోసారి తలుపు దగ్గర నిలబడి, "పురిటి మనిషికి ఏ పడవకీ గొలుసుండకూడదు" అన్నాడు. లంకంతా సరేనంది. ఆ వరదలోనూ పడవలు పేరయ్యకే ఇచ్చారు. నీళ్లు తీసిన రోజున, ఎవరూ అడక్కముందే ఆయన వాటిని ఎవరివి వాళ్లకు అప్పగించాడు.

పంతులుగారు అక్కడితో ఆపారు. కోదండపాణి తన సందేహం బయటపెట్టాడు. "గురువుగారూ, వరద ముంచుకొస్తుంటే ఇంటింటికీ తిరిగి అడగడం ఎక్కడైనా కుదురుతుందా?"

"వరదలో అడగలేదు నాయనా" అన్నారు పంతులుగారు లేస్తూ. "వైశాఖంలో అడిగాడు. ఏట్లో ఇసక తప్ప మరేమీ లేనప్పుడు."