హైమ ఉద్యోగం, భద్రం కాపలా

వేపలంకలో ఉన్న తెలివంతా తన ఇంట్లోనే పోగుపడిందని భద్రం నమ్మకం. ఊరికి కూడా ఆ ఇంటి మీద ఒక నమ్మకం ఉంది కానీ, అది వేరే రకం.

"తెలివంటే ఏంటండీ? చెప్పింది చెప్పినట్టు చెయ్యడం. అంతే!" అనేవాడు భద్రం, కాలుమీద కాలేసుకుని.

ఒకసారి రేషన్ డిపో అతను "వరసలో నిలబడవయ్యా" అన్నాడు. భద్రం నిలబడ్డాడు. బియ్యం అయిపోయాయి, జనం వెళ్ళిపోయారు, షట్టరు పడింది. భద్రం నిలబడే ఉన్నాడు. సాయంత్రం తమ్ముడు అబ్బులు వెతుక్కుంటూ వచ్చి, సంగతి విని, అన్నయ్యని మెచ్చుకుని, వెనకాల తనూ నిలబడ్డాడు. భార్య మంగతాయారు అన్నం క్యారేజీ పట్టుకొచ్చి మూడో మనిషిగా నిలబడింది. మర్నాడు డిపో తెరవగానే మొదటి మూడు సంచులూ వాళ్ళవే. అప్పట్నుంచీ ఇంక ఆ ఇంటిని పట్టడం ఎవరి తరమూ కాలేదు.

ఇలాంటి ఇంట్లో హైమ పుట్టింది. పుట్టి, చదివి, హైదరాబాదులో ఆరేళ్ళు రాత్రింబగళ్ళు పనిచేసి, జన్యుశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకుని ఇంటికొచ్చింది.

"ఇంతకీ ఏం చదివేవే అమ్మడూ?" అన్నాడు భద్రం.

"మన ఒంట్లో ప్రతి కణంలోనూ మూడువందల కోట్ల అక్షరాల రాత ఉంటుంది నాన్నా. అందులో ఒక్కోసారి ఒక్క అక్షరం తప్పినా చాలు, పుట్టిన పిల్లకి పెద్ద జబ్బు. ఆ తప్పు ఎక్కడుందో వెతకాలి."

"మూడువందల కోట్లూ నువ్వే చదువుతావా?"

"కంప్యూటర్ చదువుతుంది. దానికి ఎలా చదవాలో నేను చెప్తాను. అది సొంత బుర్ర వాడదు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది."

భద్రం తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు వదిన వైపు చూశాడు. ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి.

"అయితే మనవాళ్ళే!" అన్నాడు భద్రం.

"మరి ఈ చదువుకి ఉద్యోగాలెక్కడుంటాయమ్మా?" అని అడిగాడు అబ్బులు.

"చాలాచోట్ల ఉంటాయి బాబాయ్. విత్తనాల కంపెనీల్లో ఉంటాయి, మందుల కంపెనీల్లో ఉంటాయి, యూనివర్సిటీల్లో ఉంటాయి, పెద్దాసుపత్రుల్లో ఉంటాయి. వెతుక్కోవాలంతే."

ఇంకేముంది! మర్నాడు పొద్దున్నే అబ్బులు రావులపాలెం వెళ్ళి, విత్తనాల కొట్లో దూరి, మినుముల బస్తాలు నాలుగు విప్పి అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికాడు. కొట్టతను మెడ పట్టుకుంటే, "మా అమ్మాయి ఉద్యోగం ఇందులో ఉందన్నారండీ ఆయ్" అన్నాడు. ఇంటికొచ్చి, "విత్తనాల్లో లేదమ్మా, నేను చూశాను. ఆ పేరు కొట్టెయ్యి" అని ధైర్యం చెప్పాడు.

హైమ అయిదు చోట్లకి దరఖాస్తులు పంపింది. మందుల కంపెనీ వాళ్ళు అనుభవం చాలదన్నారు. యూనివర్సిటీలో ఖాళీలే లేవు. విత్తనాల కంపెనీ అసలు పలకలేదు. విశాఖపట్నం ఆసుపత్రి నుంచి మాత్రం ఫోనొచ్చింది. హైమ అప్పుడు స్నానాలగదిలో ఉంది. ఫోన్ అబ్బులు ఎత్తాడు.

"హైమగారు రాగానే మాకు ఫోన్ చెయ్యమనండి. చాలా అవసరం."

"తప్పకుండా చెప్తానండీ ఆయ్."

పెట్టేసి అబ్బులు ఆలోచించాడు. రాగానే చెప్పమన్నారు. పిల్ల ఇంట్లోనే ఉందాయె. వెళ్తేనే కదా వచ్చేది! హైమ వీధిలోకి వెళ్తుందేమోనని నాలుగు రోజులు కనిపెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు రోజులూ వాన. అయిదో రోజు ఆమె గొడుగేసుకుని కొబ్బరికాయకి వెళ్ళి తిరిగి గుమ్మం ఎక్కుతూంటే, "వచ్చేశావా! విశాఖపట్నం ఫోన్ చెయ్యి!" అని ఎగిరి గంతేశాడు. అప్పటికి ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారు.

హైమ తల పట్టుకుని కూర్చుంది. ఇక మిగిలింది ఒక్కటే, హైదరాబాదులో పిల్లల ఆసుపత్రి. అదీ పోతే మేనమామ రొయ్యల మేత కొట్లో బిల్లులు కొట్టే పని సిద్ధంగా ఉంది. మామయ్య అప్పుడే కుర్చీ కూడా కొన్నాడు. మూడువందల కోట్ల అక్షరాలు వెతకడం నేర్చుకున్న పిల్ల మేత బస్తాలు లెక్కపెట్టాలంటే ఎవరి మనసైనా చివుక్కుమంటుంది. హైమకి ఏడుపే వచ్చింది.

దేవుడు చల్లగా చూశాడు. గురువారం పదకొండింటికి కంప్యూటర్‌లోనే ఇంటర్వ్యూ అని ఆసుపత్రి వాళ్ళు కబురు పెట్టారు.

హైమ ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "నాన్నా, ఇంట్లోకి ఎవరినీ రానివ్వకు. బాబాయ్, ఏ చప్పుడూ కాకూడదు. అమ్మా, నెట్ డబ్బా మీద ఆకుపచ్చ దీపం మీదే కన్నుంచు. దీపం పోతే వెంటనే చెప్పు."

"అంతేనా?" అన్నాడు భద్రం. "చిటికెలో పని!"

గురువారం పదిన్నరకి హైమ పెరట్లో ఆరేసిన చీర తెచ్చుకుందామని వెళ్ళింది. తిరిగొచ్చేసరికి తలుపు గడియ పడి ఉంది.

"నాన్నా, తియ్యి!"

"ఎవరూ?"

"నేను!"

"ఎవరినీ రానివ్వద్దని మా అమ్మాయి చెప్పిందండీ."

"ఆ అమ్మాయిని నేనే నాన్నా!"

"అయితే నీకు తెలిసే ఉండాలి కదమ్మా" అన్నాడు భద్రం నెమ్మదిగా.

హైమ వంటింటి కిటికీలోంచి దూరి, చీర చిరగకుండా లోపల పడింది. లోపల ఇల్లంతా నిశ్శబ్దం. అబ్బులు గోడగడియారం దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టాడు. ఫ్రిజ్ ఆపాడు. మెట్ల కింద ఇన్వర్టర్ సన్నగా గురక పెడుతుంటే దాన్నీ ఆపాడు.

పదకొండయింది. కంప్యూటర్ తెరమీద ముగ్గురు పెద్దలు ప్రత్యక్షమయ్యారు. మధ్యలో ఆవిడ డాక్టర్ వసుంధర.

"చెప్పండి హైమగారూ, మీ పరిశోధన..."

"పోయింది!" అని కేకేసింది మంగతాయారు.

హైమ ఉలిక్కిపడింది.

"వచ్చింది!"

నెట్ డబ్బా మీద దీపం మిణుక్కుమిణుక్కుమంటుంది కదా మరి. "పోయింది! వచ్చింది! పోయింది! వచ్చింది! అమ్మాయ్, మళ్ళీ పోయిందే!"

"అమ్మా, దణ్ణం పెడతాను, ఇంకేం చెప్పకు!"

మంగతాయారు నోటిమీద వేలేసుకుంది. డాక్టర్ వసుంధర నవ్వు ఆపుకుంటూ, "కంప్యూటర్‌కి మీరు రాసే సూచనల్లో తప్పు దొర్లకుండా ఎలా చూసుకుంటారు?" అని అడిగింది.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఆపేసిన ఇన్వర్టర్ అందుకోలేదు. నెట్ డబ్బా మీద దీపాలన్నీ ఆరిపోయాయి. మంగతాయారు చూసింది. కానీ చెప్పలేదు, చెప్పొద్దన్నారు కదా! లాప్‌టాప్ తెర మాత్రం వెలుగుతూనే ఉంది. కదలని బొమ్మకి హైమ రెండు నిమిషాలు ఎంతో చక్కగా జవాబు చెప్పింది.

తెరమీద ఎవరూ కదలడం లేదని అప్పుడు గమనించింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ ఇంటి పిల్ల. లేచి, కంప్యూటర్‌కి వీపు పెట్టి, ఒక్కొక్క మాటా తూచి చెప్పింది.

"బాబాయ్, మెట్ల కింద ఇన్వర్టర్ స్విచ్ వెయ్యి. వేశాక ఏ వస్తువూ ముట్టుకోకు. అమ్మా, దీపాలన్నీ ఒకేసారి ఆరిపోయి, నువ్వు పది లెక్కపెట్టేదాకా వెలగకపోతేనే నా భుజం తట్టు. వెలిగితే కూర్చుని ఉండు. ఏం జరిగినా సరే మాట్లాడకు. నాన్నా, వీధి గుమ్మంలో కూర్చో. నేను, అమ్మ, బాబాయ్ తప్ప ఎవరొచ్చినా వెనక్కి పంపు."

ముగ్గురూ అచ్చంగా అలాగే చేశారు. హైమ ఇటు తిరిగేసరికి కరెంటూ, నెట్టూ మాటల మధ్యలోనే ఎప్పుడొచ్చాయో ఏమో, తెరమీద ముగ్గురు పెద్దలూ బుగ్గన చేతులు పెట్టుకుని వింటున్నారు.

"మా కంప్యూటర్లూ ఇంతేనమ్మా" అంది డాక్టర్ వసుంధర. "చెప్పింది చేస్తాయి, మనం అనుకున్నది చెయ్యవు. ఇంత అనుభవం ఎక్కడ సంపాదించారు?"

"పుట్టినప్పట్నుంచీ ఇదే పనండీ" అంది హైమ.

వారంలో ఉత్తరం వస్తుందన్నారు. హైమ గాల్లో తేలిపోయింది. ఆ సంబరంలో ఒక్క ముక్క మర్చిపోయింది. చెయ్యమంది కానీ, ఆపమనలేదు!

ఎనిమిది రోజులు గడిచాయి. ఉత్తరం లేదు. మంగతాయారు నెట్ డబ్బా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది, నోట మాట లేదు. అబ్బులు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాడు, వదినే అన్నం కలిపి నోట్లో పెడుతోంది. భద్రం గుమ్మం వదలడు. పాపం, హైమకి వేరేలా తోచింది. "నాకు ఉద్యోగం రాదని వీళ్ళకి అర్థమైపోయింది. ఆ దిగులుతోనే ఇలా అయిపోయారు" అనుకుని కుమిలిపోయింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, మేత కొట్లో చేరతానని మామయ్యకి చెప్దామని ఫోన్ తీసింది.

ఫోనే ముందు మోగింది. డాక్టర్ వసుంధర.

"ఏమ్మా, ఉద్యోగం ఇస్తామంటే ఉత్తరం వెనక్కి పంపుతారా? మూడుసార్లు పంపాం, మూడుసార్లూ తిరిగొచ్చింది. రేపు పదింటికి వచ్చి చేరితే సరే. లేకపోతే ఇంకొకరికి ఇవ్వక తప్పదు."

హైమ వీధిలోకి పరిగెత్తింది. "నాన్నా! పోస్టుమాన్ వచ్చాడా?"

"మూడుసార్లు వచ్చాడమ్మా" అన్నాడు భద్రం గర్వంగా. "మూడుసార్లూ పంపేశాను. పాలవాణ్ణి, గ్యాసువాణ్ణి కూడా. మొన్న మీ మామయ్య వస్తే ఆయన్నీ పంపేశాను."

"అయ్యో నాన్నా, ఇంక ఆపు! అందరినీ రానియ్యి! అమ్మా, మాట్లాడు! బాబాయ్, ముట్టుకో!" అని అరిచి, నాలుగింటి హైదరాబాదు బస్సు అందుకోవాలని పెట్టె సర్దుకోడానికి లోపలికి ఉరికింది.

అందరినీ రానివ్వమంది. అంతే! భద్రం రోడ్డు మధ్యకెళ్ళి చేతులు చాపి నిలబడ్డాడు. నాలుగింటి బస్సు కీచుమని ఆగింది. "అందరూ రండి, మా అమ్మాయి రమ్మంది!" అన్నాడు. ఏదో విందనుకుని బస్సంతా దిగింది. మంగతాయారు తొమ్మిది రోజుల మాటలూ ఒక్కసారే మాట్లాడుతూ పకోడీలు వేసింది. అబ్బులు కనిపించిన ప్రతి వస్తువునీ ప్రేమగా ముట్టుకుంటూ ప్లేట్లు అందించాడు.

ముందు వసారాలో గోలేంటో చూసే తీరిక లేక హైమ దొడ్డిదారిన రోడ్డుమీదకి పరిగెత్తేసరికి బస్సులో పురుగు లేదు. డ్రైవర్ కోసం ఊరంతా వెతికి ఇంటికొస్తే, ఆయన భద్రం పడక్కుర్చీలో పకోడీ నములుతున్నాడు. కండక్టర్ రెండో ప్లేటు మీదున్నాడు. ఆమె లేకుండా ఆ బస్సు ఎక్కడికీ కదిలేలా లేదు.

"మా అన్నయ్య బుర్రే బుర్ర! బస్సుని ఆపేశాడు!" అన్నాడు అబ్బులు.

చివరికి అందరూ ఎక్కారు. కిటికీ పక్కన కూర్చున్న హైమ కిందకి చూసింది. అమ్మ కళ్ళనిండా నీళ్ళు. బాబాయ్ గడ్డం వణుకుతోంది. నాన్న ఎటో చూస్తున్నాడు. ఎంత విసిగించినా వీళ్ళు తన మాట మీద తొమ్మిది రోజులు గుమ్మం కాసిన మనుషులు. హైమ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"నేను చేరి ఫోన్ చేసేదాకా ఎవరూ ఏడవకండి" అంది.

మంగతాయారు కన్నీళ్ళు అక్కడికక్కడే ఆగిపోయాయి. బస్సు వెళ్ళిపోయింది. ముగ్గురూ ఇంటికొచ్చి భోంచేసి హాయిగా నిద్రపోయారు.

మర్నాడు పదిన్నరకి ఫోన్. "చేరాను నాన్నా! నాకో గది ఇచ్చారు, తలుపు మీద నా పేరు రాశారు!"

"చాలా సంతోషం తల్లీ" అని భద్రం ఫోన్ పెట్టేశాడు. భార్యని చూశాడు. తమ్ముణ్ణి చూశాడు.

"ఫోన్ వచ్చేసింది" అన్నాడు.

"అయితే ఇంక మొదలెట్టచ్చాండీ?" అంది మంగతాయారు.

ఇంకేముంది! ముగ్గురూ చాప పరుచుకుని కూర్చుని గొల్లుమన్నారు. వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది. పోస్టుమాన్ సైకిల్ పారేసి వచ్చాడు.

"ఏమైందండీ?"

"మా హైమకి ఉద్యోగం వచ్చిందండీ!" అని భోరుమన్నాడు భద్రం.

సాయంత్రమైంది. గొంతులు బొంగురుపోయాయి. వచ్చినవాళ్ళు మంచినీళ్ళిచ్చి, వీపు నిమిరి, విసిగి, "ఇంకెంతసేపు ఏడుస్తావయ్యా భద్రం?" అన్నారు.

భద్రం కండువాతో ముక్కు తుడుచుకున్నాడు.

"అది చెప్పలేదండీ. ఆపమని చెప్పడం మళ్ళీ మర్చిపోయింది. ఎంత డాక్టరేటు చదివినా, పిచ్చితల్లి, మా అంత తెలివి రాలేదండీ దానికి" అని, గొంతు సవరించుకుని మళ్ళీ అందుకున్నాడు.