రెండో గానుగ

ఊళ్లో ఉన్నవే రెండు గానుగలు. ఒకటి రత్నశెట్టిది. రెండోదీ కొనుక్కుంటానని అతను రాజుగారి అనుమతి కోరాడు. శెట్టి దగ్గర సంభావన పుచ్చుకున్న విరూపాక్షుడు, ఆస్థానంలోని ఇద్దరు సలహాదారుల్లో ఒకడు, పొద్దుట్నించీ చెబుతూనే ఉన్నాడు.

"గానుగ ఒకటే అయితే ఖర్చు తగ్గుతుంది, నూనె చవకవుతుంది ప్రభూ!"

వద్దని మొత్తుకునీ మొత్తుకునీ పునుగులమ్మే పోలమ్మకు గొంతు పోయింది, మోకాళ్లు పట్టేశాయి. నూనె ప్రియమైతే ఆమె పొయ్యి ఆరినట్టే. చివరికి స్తంభానికి చేరగిలబడి అంది.

"మారాజా, తమకు మాత్రం ఇద్దరు సలహాదారులెందుకు? ఈయన్ని పంపేయండి. సలహా చవకవుతుంది."

రాజు తలూపాడు. విరూపాక్షుడు అదిరిపడ్డాడు.

"అమ్మో! ఒక్కడే మిగిలితే వాడు ఎంతడిగితే అంత ఇచ్చుకోవాలి ప్రభూ! తమకు వేరే దిక్కుండదు!"

"పొద్దుట్నించీ నేను మొత్తుకుంటున్నదీ అదే కదయ్యా," అంటూ పోలమ్మ అక్కడే కూలబడింది.