చేతి రంగు

రాజుగారి పెద్ద వంటవాడు సోమిదేవయ్య పచ్చని పసిమి మనిషి. కొత్తగా చేరిన పోలమ్మ కారునలుపు. ఆమె పెట్టిన గుమ్మడికాయ పులుసు రాజుగారు మళ్లీ మళ్లీ పోయించుకుంటుంటే సోమిదేవయ్యకు కడుపు రగిలిపోయేది.

ఒకనాడు భోజనాల దగ్గర ఉండబట్టలేక అనేశాడు: "ప్రభూ, నల్లచేతి వంట తింటే ఆ నలుపు తమకూ పట్టేస్తుంది. దాన్ని పంపించేయండి!"

రాజు పోలమ్మను పిలిపించి, "ఏమంటావు?" అన్నాడు.

"నిజమేనేమో దొరా! మరి చిన్నప్పటి నుంచీ ఈ అయ్యగారి పచ్చని చేతి వంటే తిన్నారు కదా, తమరింకా నా రంగులోనే ఉన్నారేం?"

వడ్డించేవాళ్ల గరిటెలు ఆగిపోయాయి. సోమిదేవయ్య అప్పుడు చూశాడు, విస్తట్లో ఉన్న రాజుగారి చేతిని. అదీ నల్లనిదే.

రాజు తాపీగా అన్నాడు: "పోలమ్మా, ఇకనుంచి వంట నీది. సోమిదేవయ్యా, వడ్డన నీది. నీ తెలుపేమైనా అంటుకుంటుందేమో చూద్దాం. ముందు పులుసు పొయ్యి."