సూదమ్మ కొత్త ఇల్లు

మోదుగుల కోన అని ఒక అడవి ఉండేది. కుందేళ్ళు, ముంగిసలు, నక్కలు, అడవిపందులు, లెక్కలేనన్ని పిట్టలు అందులో బతికేవి. ఆ కోనలోనే ఒక ఏదుపంది జంట కాపురం ఉండేది. ఆవిడ పేరు సూదమ్మ, ఆయన పేరు ముళ్ళయ్య. ఒళ్ళంతా బారెడేసి ముళ్ళే గానీ ఇద్దరివీ మెత్తని మనసులు.

ఒక వేసవి చివర, దుంపల కోసం నేల తవ్వుకుంటూ వచ్చిన అడవిపందులు చూసుకోక వాళ్ళ బొరియను కూల్చేశాయి. అప్పటికే సూదమ్మకు నెలలు నిండాయి. మృగశిర కార్తె ఇంకా పది రోజుల్లో ఉంది. వానలు మొదలయ్యేలోగా ఇల్లు అమరకపోతే పసికందులను ఎక్కడ పడుకోబెట్టాలి? ఆ దిగులుతో సూదమ్మకు తిండి సహించడం మానేసింది.

ముళ్ళయ్య ఊరుకోలేదు. కొండవాలులో, ఒక పెద్ద బండ కింద ఖాళీగా ఉన్న గుహ వెతికి పట్టుకున్నాడు. కూలిన బొరియలోంచి సూదమ్మ ఒకే ఒక్క వస్తువును నోట కరుచుకుని ఆ గుహకు చేరింది. అది పాతబడిన దుప్పి కొమ్ము.

"గుహ బోసిగా ఉంది వదినా! మన గిజిగాణ్ణి పిలిపించు," అంది పక్కనే ఉండే కుందేలు. "అతని చెయ్యి పడితే అడవంతా వచ్చి చూస్తుంది."

ఆ మాట నిజమే. తుమ్మకొమ్మకు వేలాడే గిజిగాడి గూళ్ళంటే అందరికీ ముచ్చట. గడ్డిపోచలతో పట్టుబట్టలా అల్లుతాడు. లోపల తడిమట్టి ముద్ద పెట్టి, దానికి మిణుగురు పురుగులను అంటించి దీపాలు చేస్తాడు. అంత పనిమంతుడు పిలవగానే వచ్చాడు. గుమ్మం దగ్గరే వాలి, మెడ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాయనా, నాకు కాస్త..." అని సూదమ్మ మొదలుపెట్టింది.

"నువ్వేమీ చెప్పక్కర్లేదమ్మా!" అన్నాడు గిజిగాడు. "ఎన్ని గూళ్ళు కట్టాను! నీకేం కావాలో నీకంటే నాకే బాగా తెలుసు. నాలుగు రోజులు అలా తిరిగి రండి."

నాలుగు రోజులకు గుహ మారిపోయింది. గోడల నిండా గడ్డి అల్లిక. నేల మీద దూదిలాంటి పరుపు. మూలమూలకూ మిణుగురు దీపం. చూడ్డానికి వచ్చిన కుందేళ్ళు "అబ్బబ్బా!" అన్నాయి. ముంగిసలు నోళ్ళు తెరిచాయి. గిజిగాడు రొమ్ము విరుచుకుని బండ మీద కూర్చున్నాడు.

సూదమ్మ మాత్రం చుట్టూ వెతుకుతోంది. "నాయనా, ఇక్కడొక కొమ్ము ఉండాలి..."

"ఆ పాత ఎముకా? ఇంత అందంలో అది దిష్టిబొమ్మలా ఉంటే తీసి తుప్పల్లో పారేశాను."

ఇంతమంది మెచ్చుకుంటున్నప్పుడు తాను నొచ్చుకుంటే బాగుండదని, సూదమ్మ నవ్వుముఖంతోనే అందరినీ సాగనంపింది.

ఏదుపందులు పగలు నిద్రపోతాయి. మర్నాడు తెల్లవారగానే ఇద్దరూ పడుకున్నారు. ముళ్ళయ్య ఒక్కసారి ఒత్తిగిలాడు. అంతే, వీపు మీది ముళ్ళన్నీ గోడ అల్లికలో ఇరుక్కున్నాయి. గట్టిగా గుంజుకుంటే సగం గోడ ఊడి ఆయన వీపు మీదికి వచ్చింది.

"ఏమేవ్! నేను ఇంట్లో ఉన్నానా, ఇల్లు నా మీద ఉందా?" అన్నాడు పాపం.

అంత దిగుల్లోనూ సూదమ్మకు నవ్వొచ్చింది. కానీ నిద్ర మాత్రం రాలేదు. కన్ను మూస్తే మిణుగురుల మెరుపులు. ఒళ్ళు కదిపితే పరుపు చిరిగి ముళ్ళకు గుచ్చుకోవడం.

సాయంత్రం గిజిగాణ్ణి పిలిచి, మెల్లగా సంగతి చెప్పుకుంది. అతను ముఖం చిట్లించాడు.

"తప్పు ఇంటిది కాదమ్మా, మీ ముళ్ళది. కాస్త కత్తిరించుకోండి. ఇంత మంచి ఇంటికి తగ్గట్టు మీరు మారొద్దూ?"

"ముళ్ళు దేవుడిచ్చాడు నాయనా. అవి లేకపోతే నక్క వచ్చిన రోజున నా బిడ్డలను ఏం పెట్టి కాపాడుకోను?" అంది సూదమ్మ. గిజిగాడు ఆ మాట పూర్తిగా వినకుండానే ఎగిరిపోయాడు.

వానకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. సూదమ్మ తుప్పల్లో తల దూర్చి కొమ్ము కోసం వెతుకుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అటుగా చీమలు ఏరుకుంటూ వెళ్తున్న అలుగవ్వ ఆగింది. అలుగుకు ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, కాళ్ళకు గునపాల్లాంటి గోళ్ళు. అవ్వ మాట తక్కువ మనిషని ఆ కోనలో పేరు.

"ఏం పోగొట్టుకున్నావమ్మా?" అని అడిగింది.

"ఒక కొమ్ము అవ్వా. మా జేజమ్మ చిన్నప్పుడు కొరికింది. తర్వాత మా అమ్మ కొరికింది, తర్వాత నేను. మా ఇంటి పిల్లలందరూ దాని మీదే పళ్ళు పదును పెట్టుకున్నారు. ఎవరి పంటిగాటు ఎక్కడుందో తడిమి చెప్పగలను."

అవ్వ తానూ వెతికింది. కొమ్ము దొరికింది. అప్పుడు సూదమ్మ ఇంటి గోడు చెప్పుకుంది. అవ్వ వెంటనే తవ్వడం మొదలుపెట్టలేదు.

"ఈ ఒక్కరోజు మీ ఇంట చుట్టంలా ఉంటాను," అంది. "మీ పనులు మీరు చేసుకోండి."

వాళ్ళు తిన్నది తాను చూసింది. వాళ్ళు పడుకున్న తీరు చూసింది. ముళ్ళయ్యను ముళ్ళు విప్పి ఒక చుట్టు తిరగమని, ఆ వెడల్పును వెదురుపుల్లతో కొలిచింది.

"భయం వేస్తే ముందుకు దూకుతావా, వెనక్కి తిరుగుతావా?" అని సూదమ్మను అడిగింది.

"వెనక్కి తిరుగుతాను అవ్వా. మా బలమంతా వీపులోనే కదా."

"సరే తల్లీ. నాకు కావలసింది తెలిసింది."

ఆ తర్వాతే గోళ్ళకు పని పెట్టింది. ముందుగా మిణుగురులను మట్టిలోంచి విడిపించి, "వెళ్ళండమ్మా, మీ పిల్లల దగ్గరికి," అని పంపేసింది. అల్లిక తీసేసి, గోడలు నున్నగా చెక్కింది. ముళ్ళయ్య ముళ్ళు విప్పి తిరిగినా తగలనంత గది తవ్వింది. నీళ్ళు నిలవకుండా నేలను గుమ్మం వైపు వాలుగా చేసింది. ఆ గుమ్మాన్ని ఒక్క ఏదుపంది వీపు పట్టేంత ఇరుకుగా ఉంచింది. లోపల, అన్నిటికంటే చీకటిగా, వెచ్చగా ఉన్న మూలలో మెత్తని మట్టిపొడి పరిచింది. దాని పక్కనే, పసిపిల్లల మూతికి అందే ఎత్తులో దుప్పి కొమ్మును కదలకుండా పాతింది.

గిజిగాడు వచ్చి చూసి పకపకా నవ్వాడు. "ఇది ఇల్లా, బొక్కా? మూడు రోజులు కష్టపడి చేసింది ఇదేనా ముసలమ్మా?"

"ఉండేది వాళ్ళు నాయనా. నువ్వూ కాదు, నేనూ కాదు," అంది అవ్వ.

అనుకున్నట్టే మృగశిర వచ్చింది. ఆకాశం చిల్లు పడినట్టు వాన. ఆ వానలోనే సూదమ్మకు ఇద్దరు బిడ్డలు పుట్టారు. నేల మీద ఒక్క చుక్క నిలవలేదు. సందెవేళ, పసివాసన పట్టి నక్క గుమ్మంలో మూతి పెట్టింది. సూదమ్మ గిరుక్కున వెనక్కి తిరిగి ముళ్ళు విప్పింది. ఆవిడ వీపుతో గుమ్మం నిండిపోయింది. పక్కనుంచి దూరడానికి సందు దొరక్క, మూతినిండా ముళ్ళతో నక్క కుయ్యోమొర్రోమంటూ పారిపోయింది.

ఈ సంగతి కోనంతా పాకింది. ఇల్లు కావలసినవాళ్ళంతా అలుగవ్వ దగ్గరికి నడిచారు. "అవ్వా, ముందు మా ఇంట ఒకరోజు ఉండు," అని ముంగిస పిలిచింది. కుందేలు మరీ ముందే వచ్చి కూర్చుంది.

ఆ వానాకాలంలోనే గిజిగాడు పెళ్ళి కోసం తన జన్మలోకెల్లా గొప్ప గూడు అల్లాడు. వాళ్ళలో ఒక ఆచారం ఉంది. గూడు సగం అల్లాక ఆడపిట్ట వచ్చి లోపల తిరిగి చూస్తుంది. నచ్చితేనే పెళ్ళి. ఒక ఆడపిట్ట వచ్చింది, చూసింది, బయటికి వచ్చింది.

"గుడ్లు పెట్టే చోటు గాలికి ఊగుతోంది. పిల్లలను పొదువుకుందామంటే రెక్క పరిచే చోటు లేదు. అల్లేముందు ఎవర్నైనా ఒక్క మాట అడిగావా?" అంది.

"అడగడమెందుకు? నాకు తెలియదా?" అన్నాడు గిజిగాడు అలవాటుగా.

"అయితే నువ్వే గుడ్లు పెట్టుకో!" అని ఆ పిట్ట తుర్రుమంది. తుమ్మచెట్టు మీది పిట్టలన్నీ గొల్లుమన్నాయి.

మూడు రోజులు ముడుచుకుని కూర్చుని, నాలుగో రోజు గిజిగాడు అలుగవ్వ గుమ్మంలో వాలాడు. "అవ్వా, తప్పయింది. నాకు నీ పని నేర్పు."

"నీ చేతిపని నాకంటే మంచిది నాయనా. అందులో నేర్పడానికేమీ లేదు," అంది అవ్వ నవ్వి. "రేపు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి కూర్చో. గడ్డిపోచ మాత్రం తీసుకెళ్ళకు. ఆవిడ చెప్పింది విని రా."

గిజిగాడు వెళ్ళాడు. విన్నాడు. ఆ గూడు విప్పేసి మళ్ళీ అల్లాడు. ఈసారి ఆ ఆడపిట్ట లోపలికి వెళ్ళి, బయటికి రాలేదు.

అదే సమయంలో, బండ కింద చీకటి మూలలో, సూదమ్మ పెద్దబిడ్డ దుప్పి కొమ్మును మొదటిసారి కరకరా కొరికింది. సూదమ్మ ఆ కొత్త గాటును తడిమి చూసుకుంది. అది సూదమ్మ జేజమ్మ గాటు పక్కనే పడింది.

నీతి: ఇల్లు అందులో ఉండేవాళ్ళ కోసం. ఎంత పనిమంతులైనా ముందు వాళ్ళ మాట విని, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి.