రాజుగారి కాలికి హామీ

మొగలిగిరిని ఏలే ఉద్దండ భూపతి ఒక పొద్దున మంచం మీద లేచి కూర్చుని, కాలికి కట్టిన వెదురుబద్దలు విప్పెయ్యమన్నాడు. మర్నాడు కోట బయట పొట్టేళ్ల పందెం. దానికి తాను నడిచే వెళ్తానన్నాడు.

ఆ కాలు విరిగి పట్టుమని పన్నెండు రోజులైనా కాలేదు. ఏనుగు మీద ఊరేగుతుంటే కొమ్మన ఒక మామిడిపండు కనిపించింది. ఆస్థానంలో పొగడటమే ఉద్యోగంగా ఉన్న సర్వేశం, ప్రభువులకు అందనిది లోకంలో ఉందా అన్నాడు. ప్రభువులు అంబారీలో నిలబడి చెయ్యి చాచారు. పండు ఇప్పటికీ కొమ్మనే ఉంది.

ఎముకల వైద్యుడు బసవయ్య నలభై రోజులు కదలకూడదన్నాడు. ధర్మవైద్యశాలలోనే మంచం వేయించి, మూడు పూటలా కషాయం పట్టాడు. అది తాగినవాళ్ల ముఖం చూసి గేదెలు కూడా బెదిరేవి.

"కట్టు విప్పకపోతే నీ తల తీయిస్తాను," అన్నాడు రాజు. "విప్పాక కాలు వంకరపోయినా తీయిస్తాను."

బసవయ్యకు ఉన్నది ఒకటే తల. పాపం ముసలాయన రెండు చేతులతో దాన్ని తడుముకున్నాడు.

సర్వేశం ముందుకొచ్చాడు. ప్రభువుల ఎముక వజ్రమనీ, రెండోరోజే అతుక్కుని ఉంటుందనీ, వైద్యుడికి చూపు సరిగ్గా ఆనక తెలియలేదనీ చెప్పాడు. మంచం చుట్టూ చేరిన కొలువంతా చిత్తం అంది. రాజు తుమ్మినా చిత్తం అనే కొలువు అది.

అక్కడ రోగులకు జావ కాచే నూకాలు ఇదంతా వింటోంది. మంచాన పడ్డ తన పెనిమిటిని నిలబెట్టి నడిపించింది బసవయ్యే. ఆ తల పోతుంటే తను చూస్తూ ఊరుకోలేదు. గరిటె పక్కన పెట్టి, తలుపు వెనక వేలాడే తాటాకు తెచ్చింది.

"ఎల్లిపోండి మారాజా, తవర్ని ఆపీవోలెవులు? ఈ ఆకు మీద ఒక్క ఏలిముద్ర పడితే సాలు."

ఆకు మీదున్నది రాజుగారి శాసనమే. కషాయానికి జడిసి రోగులు గోడ దూకి పారిపోతుంటే, రెండేళ్ల కిందట ఆయనే రాయించాడు. వైద్యుడు వద్దన్నా వెళ్లే రోగికి, బాగైపోయిందని చెప్పినవాడు హామీగా వేలిముద్ర వెయ్యాలి. రోగం తిరగబెడితే, రోగికి జరిగిందంతా హామీదారుడికి మొదటి నుంచీ జరగాలి. రాజు సర్వేశం వైపు చూశాడు.

సర్వేశం చెయ్యి చాచబోయి ఆగాడు. కుడి బొటనవేలు బెణికిందన్నాడు. ఎడమది వెయ్యమంది నూకాలు. దానికి గోరుచుట్టు లేచిందన్నాడు. కాలిదైనా పరవాలేదంది.

"నా కాలు విరగలేదు కదా, నాకు కట్టు ఎలా కడతారు?" అన్నాడు సర్వేశం.

"మొదటి నించీ అనుంది కదా బాబూ. మొదట ఏనుగెక్కి పడాల. కట్టు ఆ తరవాత."

కిటికీ అవతల పట్టపుటేనుగు చెవులాడిస్తూ నిలబడి ఉంది. అది అంత ఎత్తని సర్వేశానికి ఆరోజే తెలిసింది.

పోనీ ఇంకెవరైనా వేలిముద్ర వేస్తారా అని రాజు అడిగాడు. మొగలిగిరి కొలువులో చిత్తం వినపడకపోవడం అదే మొదలు. ఒకాయన పైకప్పు దూలాలు లెక్కపెట్టుకుంటున్నాడు.

సర్వేశం మెల్లగా వంగి, రాజుగారి కాలిని పరీక్షగా చూశాడు.

"ప్రభూ, వాపు ఇంకా ఉన్నట్టుంది. నలభై రోజులు చాలవేమో. అరవై అయితే మంచిది."

రాజు కాసేపు ఆయన్ని, కాసేపు తన కాలిని చూసి పకపకా నవ్వాడు. నవ్వితే కాలు కలుక్కుమంది. అబ్బా అని మూలిగాడు, మళ్లీ నవ్వాడు. ఇంకా తల ఉన్నందుకు బసవయ్య కూడా నవ్వాడు.

రాజు వేలి ఉంగరం తీసి నూకాలుకిచ్చాడు. పొట్టేళ్ల పందెం వైద్యశాల కిటికీ ముందుకు మార్పించాడు. తాను మంచం దిగేదాకా, మూడు పూటలా తనతోపాటు సర్వేశం కూడా కషాయం తాగాలన్నాడు.

కొలువంతా ఒక్క గొంతుతో చిత్తం అంది, సర్వేశం తప్ప.